ప్రాసెస్ చేసిన సీఫుడ్‌ను ఎవరు కొంటున్నారు, ఎలా కొంటున్నారు: చెన్నైలో మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో రొయ్యల ఎగుమతి కాగితాల పనిలో ఉన్న తెలుగువాళ్లం తక్కువేమీ కాదు. రాజాజీ సాలైలో కస్టమ్స్ హౌస్ చుట్టుపక్కల కాసేపు నిలబడితే చాలు, నెల్లూరు యాస చెవిన పడుతుంది. ఊళ్లో చెరువులున్న బంధువులు, ప్లాంట్‌లో కొత్తగా చేరిన పిల్లలు, సొంతంగా ఎగుమతి మొదలుపెడదామనుకునే మిత్రులు అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఇక్కడ రాసిపెట్టాను. వరసగా చదవనక్కర్లేదు. మీ సందేహం ఎక్కడుందో చూసుకుని అక్కడికే వెళ్లండి.

## లెక్కలు చదవడం మొదలుపెట్టినప్పుడు

ప్రాసెస్ చేసిన సీఫుడ్ అంటే ఏంటండీ? తల తీసి ఫ్రీజ్ చేసినా ప్రాసెసింగేనా?

ప్లాంట్‌లో అడిగితే అవునంటారు. తల తీయడం, పొట్టు ఒలవడం, నరం లాగడం, గడ్డకట్టించడం అన్నీ వాళ్లకు ప్రాసెసింగే. కస్టమ్స్ వాళ్ల లెక్క వేరు. సరుకులను గుర్తించడానికి అన్ని దేశాల కస్టమ్స్ వాళ్లూ వాడే అంకెల పట్టిక హెచ్‌ఎస్ కోడ్‌లో పచ్చివి, ఫ్రీజ్ చేసినవి, ఎండబెట్టినవి, ఉప్పు పట్టించినవి, పొగబెట్టినవి 03వ అధ్యాయం కింద ఉంటాయి. ఉడికించినవి, పూత పూసినవి, మసాలా పట్టించినవి, డబ్బాల్లో నింపినవి 16వ అధ్యాయంలోకి వెళతాయి. చేపలైతే 1604, రొయ్యలు, పీతలు, స్క్విడ్ లాంటివైతే 1605.

ఇందులో ఒక మెలిక ఉంది. పెంకుతో సహా నీళ్లలోనో ఆవిరిలోనో ఉడికించిన రొయ్య 0306లోనే ఉండిపోతుంది. ఒలిచి ఉడికిస్తే 1605కు మారుతుంది. మన ప్లాంట్లలో వందలమంది ఆడవాళ్లు నిలబడి ఒలిచిన పచ్చి రొయ్యంతా 03 కిందే, అంటే లెక్కల భాషలో దాదాపు ముడి సరుకుగానే నమోదవుతుంది. అందుకే ‘ప్రాసెస్డ్ దిగుమతులు తగ్గాయి’ అని వార్త కనబడితే, అది ఏ కోడ్ లెక్కో తేలకుండా దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోకండి.

రొయ్య పెట్టిన స్ప్రింగ్ రోల్ ఏ కోడ్‌లోకి వస్తుంది?

బరువులో 20 శాతం కంటే ఎక్కువ చేపో రొయ్యో ఉంటే మామూలుగా 16వ అధ్యాయం. అంతకన్నా తక్కువైతే పిండి వంటకాల వైపు వెళుతుంది. సుంకం తేడా చాలా ఉంటుంది కాబట్టి కొనేవాళ్లు రెసిపీని గ్రాముల్లో రాసి అడుగుతారు.

ప్రపంచం మొత్తం మీద ఈ వ్యాపారం ఎంతుంటుంది? ఎక్కువగా కొనేది ఎవరు?

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) లెక్క ప్రకారం 2022లో చేపలు, రొయ్యల వంటి జల ఉత్పత్తుల ఎగుమతుల విలువ సుమారు 195 బిలియన్ డాలర్లు. కూటమిగా చూస్తే ఐరోపా సమాఖ్యే పెద్ద కొనుగోలుదారు. ఒకే దేశంగా చూస్తే అమెరికా. ఆ వెనక చైనా, జపాన్. అదే ఏడాది ఇంకో మలుపు కూడా వచ్చింది. పెంచిన జలజీవుల ఉత్పత్తి 94.4 మిలియన్ టన్నులకు చేరి, మొదటిసారి వేటలో దొరికినదాన్ని దాటింది.

దిగుమతుల తీరు మారడానికి ఈ రెండో అంకెకే ఎక్కువ సంబంధం ఉందని నేననుకుంటాను. సూపర్‌మార్కెట్‌లో ఒకే సైజు రొయ్యతో, ఒకే బరువు ప్యాకెట్‌తో ఏడాది పొడుగునా అరలు నిండాలంటే సముద్రం మీద ఆధారపడితే కుదరదు. చెరువు సరుకు పెరిగే కొద్దీ, మెషీన్లతో ప్యాక్ చేసి లేబుల్ వేసి అమ్మే రకాలు పెరిగాయి.

మన దేశం ఎంత పంపుతోంది? అందులో రొయ్య ఎంత?

2024-25లో 16,98,170 టన్నులు, విలువ 62,408 కోట్ల రూపాయలు, డాలర్లలో 7.45 బిలియన్. అందులో ఫ్రోజెన్ రొయ్య ఒక్కటే 7,41,529 టన్నులు, 5.17 బిలియన్ డాలర్లు. అమెరికాకు వెళ్లిన రొయ్య 3,11,948 టన్నులు. అంతకు ముందు ఏడాది, 2023-24లో, మొత్తం టన్నులు 17,81,602. అంటే మొత్తం బరువు తగ్గినా విలువ కాస్త పెరిగింది.

భాగించి చూస్తే మన రొయ్య కిలోకు సగటున ఏడు డాలర్ల దగ్గర పలుకుతోంది. ఉడికించి, పూత పూసి, వేపుడుకు సిద్ధంగా ఉన్న ప్యాకెట్ కొనేటప్పుడు అమెరికా ఇల్లాలు ఇచ్చే ధరలో చివరి అంచెల లాభం వేరేవాళ్లది.

దిగుమతి విలువ పెరిగిందంటే గిరాకీ పెరిగినట్టే కదా?

తొందరపడొద్దు. విలువ పెరగడానికి ధర పెరగడమే కారణం కావచ్చు, డాలర్ మారకం కావచ్చు. సుంకం పెరగబోతోందని ముందే సరుకు నింపుకోవడమూ కావచ్చు. 2025 మొదటి నెలల్లో అమెరికాలో కొనేవాళ్లు అలాగే గోదాములు నింపుకున్నారు. ఆ నెలల అంకెలు చూసి మురిసిపోయినవాళ్లు తర్వాతి నెలల అంకెలు చూసి బెంబేలెత్తారు. రెండిటి సగటే కాస్త నిజం. కనీసం ఒక ఏడాది లెక్క, బరువూ విలువా రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

## ఏ దేశం ఏం అడుగుతోంది

అమెరికాకు మనమే ఎక్కువ రొయ్య పంపుతున్నాం కదా, మరి పూత పూసిన రొయ్యలో ఇండోనేషియా, వియత్నాం ఎందుకు ముందున్నాయి?

ఇది ఎక్కువమంది అడిగే ప్రశ్న, జవాబు కాస్త పొడుగు.

మన బలం ఒలిచిన పచ్చి రొయ్య: పీడీ (ఒలిచి నరం తీసినవి), పీయూడీ (ఒలిచి నరం తీయనివి), తోక ఉంచి ఒలిచినవి, ఈజీ పీల్ (తేలిగ్గా ఒలుచుకునేలా పెంకు వీపున కోసినవి). పెద్ద రెస్టారెంట్ గొలుసులకు, హోల్‌సేల్ క్లబ్బులకు అదే కావాలి. వండుకోవడం వాళ్లే చూసుకుంటారు. ఉడికించినవి, బ్రెడ్ పొడి అద్దినవి థాయ్‌లాండ్‌లో బలపడ్డాయి. జపాన్ కొనుగోలుదారులు దశాబ్దాల క్రితమే అక్కడికి యంత్రాలు, పద్ధతులు, తనిఖీ మనుషులను తెచ్చారు. ఆ నేర్పు వియత్నాం, ఇండోనేషియాలకూ పాకింది. 2012 తర్వాత థాయ్ చెరువులను ఈఎంఎస్ అనే, రొయ్య పిల్లలు త్వరగా చచ్చిపోయే జబ్బు దెబ్బతీసినప్పుడు పచ్చి రొయ్యలో ఖాళీ అయిన చోటును మన చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్య నింపింది. వండిన సరుకులో ఆ చోటును పొరుగువాళ్లు పట్టుకున్నారు.

చట్టం మెలిక కూడా ఉంది. 2005 నుంచి అమెరికా మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసే అదనపు సుంకం, వేస్తోంది. బ్రెడ్ పూత పూసినవి ఆ ఉత్తర్వు పరిధిలోకి రావు. ఆ దారి మనకూ తెరిచే ఉంది. అయినా దిగినవాళ్లు కొద్దిమందే. పచ్చి రొయ్యకు ఆర్డర్ రోజూ వస్తున్నప్పుడు, కొత్త లైన్ వేసి, కొనేవాడి రుచికి తగ్గ పూత కుదిరేదాకా సరుకు పారబోసే ఓపిక ఎవరికుంటుంది?

ఈక్వడార్ మనకు పోటీయా?

ముమ్మాటికీ. అక్కడినుంచి పోయే రొయ్యలో ఎక్కువ భాగం చాన్నాళ్లు తలతో సహా చైనాకే వెళ్లేది. చైనాలో ధరలు పడేసరికి ఒలిచే లైన్లు పెట్టుకుని అమెరికా వైపు తిరిగారు. అమెరికా వాళ్లకు దగ్గర, ఓడలో వారం పది రోజుల దూరం. మనకు నెల దాటుతుంది.

ఐరోపావాళ్లకు ఎలాంటి సరుకు కావాలి?

ఐరోపాలో సరుకు ఒక దేశంలో దిగి, ఇంకో దేశంలో తయారై, మూడో దేశంలో తింటారు. నార్వే సాల్మన్ పోలండ్‌కు వెళ్లి పొగబెట్టిన ముక్కలై జర్మనీ చేరుతుంది. డబ్బా ట్యూనా ఎక్కువగా ఈక్వడార్ లాంటి రాయితీ దేశాల నుంచి వస్తుంది. రాయితీ లేకపోతే దాని మీద 24 శాతం సుంకం. రొయ్య మీద మామూలు రేటు పచ్చిదానికి 12 శాతం, తయారైనదానికి 20 శాతం. వండే కొద్దీ సుంకం పెంచడం వాళ్ల పాత పద్ధతి, తమ ఫ్యాక్టరీలకు పని మిగలాలని. అందుకే ఐరోపాకు తయారీ సరుకు అమ్మే దేశాలను చూస్తే దాదాపు అన్నీ ఏదో ఒక ఒప్పందం ఉన్నవే.

జపాన్ మార్కెట్ పడిపోయిందంటున్నారు, నిజమేనా?

ఒకప్పుడు మన రొయ్యకు జపానే పెద్ద దిక్కు. ఇప్పుడు జనాభా తగ్గుతోంది, ముసలివాళ్లు పెరుగుతున్నారు, యెన్ బలహీనపడింది. కానీ చిన్న ప్యాకెట్, సాగదీసిన నొబాషి, సుషీ ముక్క లాంటి చేతిపని సరుకు ఇంకా బాగానే కొంటారు. ఒక్క గ్రాము తేడా వచ్చినా లేఖ రాస్తారు. ఓపిక ఉన్నవాళ్లకే ఆ మార్కెట్.

చైనా కొంటుందా, అమ్ముతుందా?

రెండూ. రష్యా, నార్వేల కాడ్, పొలాక్ లాంటి చేపలు చింగ్‌దావ్, దాలియన్ వైపు ఫ్యాక్టరీల్లో ఫిల్లెట్లై అమెరికాకూ ఐరోపాకూ వెళ్లేవి. కూలి పెరగడం వల్ల ఆ పని నెమ్మదిగా తగ్గుతోంది. 2023 డిసెంబర్‌లో అమెరికా ఇంకో తలుపు మూసింది: రష్యా కాడ్, పొలాక్, సాల్మన్, పీతలు మూడో దేశంలో తయారైనా సరే లోపలికి రానివ్వదు. ఇక రొయ్య విషయానికొస్తే, చైనా ఇప్పుడు తన జనం తినడానికే కొంటోంది.

ట్యూనా డబ్బాలన్నీ థాయ్‌లాండ్‌వే ఎందుకు ఉంటాయి? అక్కడి సముద్రంలో అంత ట్యూనా ఉందా?

లేదు. పసిఫిక్‌లో పట్టిన స్కిప్‌జాక్ రకం ట్యూనా గడ్డకట్టి బ్యాంకాక్ చేరుతుంది. ఉడికించడం, ముల్లు తీయడం, డబ్బాలో నింపడం అక్కడ. ముడి చేప దిగుమతి చేసుకుని ప్రపంచంలోకెల్లా ఎక్కువ డబ్బాలు ఎగుమతి చేసే దేశమైంది.

## సరుకు పంపేముందు

మా ఊళ్లో 40 కౌంట్ అంటారు, కొనేవాడు 26/30 అంటాడు. రెండూ ఒకటేనా?

దాదాపు ఒకటే. చెరువు గట్టున కౌంట్ అంటే తలతో ఉన్న రొయ్యలు కిలోకు ఎన్ని అని. అమెరికా కౌంట్ పౌండుకు లెక్క, తల లేకుండా. 40 కౌంట్ అంటే ఒక్కోటి 25 గ్రాములు. తల పోతే సుమారు 65 శాతం మిగులుతుంది, అంటే 16 గ్రాములు. పౌండు 454 గ్రాములు కాబట్టి 28 వస్తాయి. 26/30లో పడుతుంది. ఒలిచాక ఇంకా తగ్గుతుంది, కాబట్టి ఆర్డర్‌లో కౌంట్ ఒలవక ముందుదా, ఒలిచిన తర్వాతదా అన్నది రాతపూర్వకంగా ఉండాలి. గొడవలు సగం ఇక్కడే మొదలవుతాయి.

గ్లేజింగ్ (రొయ్య మీద వేసే మంచు పొర) ఎంత వేయొచ్చు?

కొనేవాడు ఒప్పుకున్నంత. కానీ లేబుల్ మీద రాయాల్సిన నికర బరువు మంచు పొర తీసేసిన బరువే. కిలో ప్యాకెట్ అని రాసి 800 గ్రాముల రొయ్య పెట్టే కాలం పోయింది.

యాంటీబయాటిక్ పరీక్ష ఎన్నిసార్లు? ప్లాంట్‌లో పాసైతే చాలదా?

చాలదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల జాడ ఎక్కడా ఉండకూడదు. పరిమితి లోపల ఉందన్న మాట వాటికి చెల్లదు. ఐరోపాకు వెళ్లే చెరువు రొయ్యకు పట్టుబడికి ముందే పరీక్ష చేయించి ధ్రువపత్రం తీసుకోవాలి. తర్వాత ప్లాంట్‌లో, ఆపైన వాళ్ల రేవులో. 2016లో ఐరోపా సమాఖ్య మన చెరువు రొయ్యల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అంటే రెండు కంటైనర్లలో ఒకటి ఆగుతుంది, రోజుల తరబడి ప్లగ్ చార్జీలు (రేవులో కంటైనర్‌ను చల్లగా ఉంచే కరెంటు ఖర్చు) కడుతూ.

అమెరికా ఆహార, మందుల తనిఖీ సంస్థ ఎఫ్‌డీఏ పద్ధతి వేరు. తక్కువ కంటైనర్లు తెరుస్తారు, దొరికితే మాత్రం ఆ కంపెనీ పేరు ఇంపోర్ట్ అలర్ట్‌లోకి ఎక్కుతుంది. ఇక ఆ తర్వాత ప్రతి కంటైనరూ శుభ్రమని మీరే రుజువు చేసుకోవాలి. 2025 ఆగస్టులో ఇండోనేషియా ఫ్రోజెన్ రొయ్యలో సీజియం-137 జాడ బయటపడ్డాక, ఆ దేశంలోని కొన్ని ప్రాంతాల సరుకుకు ప్రత్యేక ధ్రువపత్రం తప్పనిసరి చేశారు. ఒక ఫ్యాక్టరీ పక్కనున్న కాలుష్యం ఒక దేశం మొత్తం మెడకు చుట్టుకుంది. మన దగ్గర చెరువు మందుల దుకాణాల్లో పేరులేని సీసాలు చూసినప్పుడల్లా నాకు ఆ సంగతే గుర్తొస్తుంది.

చెన్నై చేపల రేవు కాసిమేడులో కొన్న స్క్విడ్ ఐరోపాకు పంపొచ్చా?

పంపొచ్చు, కాగితం ఉంటే. వేట సరుకుకు ఐరోపా 2010 జనవరి 1 నుంచి క్యాచ్ సర్టిఫికెట్ అడుగుతోంది. ఏ పడవ, ఎప్పుడు, ఎక్కడ పట్టిందన్న వివరం అందులో ఉంటుంది. మన దగ్గర సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా ధ్రువీకరిస్తుంది. రేవులో వేలంపాటలో నాలుగు పడవల సరుకు కలిసిపోతే ఆ వివరం మళ్లీ పుట్టించలేం, కాబట్టి కొన్న పూటే పడవ వివరాలు రాసుకోండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ తేదీల మధ్య పట్టినట్టు మరపడవ కాగితం ఉంటే ఎవరూ నమ్మరు. పిల్ల దశ నుంచి చెరువులో పెంచిన రొయ్యకు ఈ సర్టిఫికెట్ అక్కర్లేదు.

అమెరికా సముద్రపు రొయ్య కొనదా?

మన దేశం నుంచి 2019 మే నుంచి కొనడం లేదు. వలల్లో తాబేళ్లు తప్పించుకునే పరికరం ఉండాలన్నది వాళ్ల షరతు. చెరువు రొయ్యకు ఆ అడ్డంకి లేదు, కానీ అది చెరువుదేనని డీఎస్-2031 పత్రం జతచేయాలి.

కంటైనర్ ఎన్ని రోజులు పడుతుంది?

చెన్నై, కాట్టుపల్లిల నుంచి వెళ్లే పెట్టెల్లో చాలావాటిని కొలంబోలోనో సింగపూర్‌లోనో పెద్ద ఓడకు మారుస్తారు. ఎర్రసముద్రం గొడవ వల్ల 2023 చివరి నుంచి చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగాయి, రెండు వారాల దాకా అదనం. మైనస్ 18 డిగ్రీలు దారంతా నిలవాలి. టెంపరేచర్ రికార్డర్ పెట్టడం మరిచిపోకండి, క్లెయిమ్ వచ్చినప్పుడు అదొక్కటే సాక్ష్యం.

## సుంకాలు, ఒప్పందాలు

అమెరికా సుంకం దిగుమతిదారుడు కడతాడు కదా, మా చెరువు ధర ఎందుకు పడిపోయింది?

రసీదు మీద కట్టేది అతనే. కానీ బేరంలో అతను మన వైపు తోస్తాడు, ఎగుమతిదారుడు ప్లాంట్ ఖర్చు తగ్గించలేడు, చివరికి మిగిలేది చెరువు గట్టు. 2025 ఆగస్టు 7న 25 శాతం, ఆగస్టు 27న ఇంకో 25 శాతం పడ్డాయి. పాత యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ (మన ప్రభుత్వ సబ్సిడీలకు బదులుగా వేసే) సుంకాలు కలిపితే 58 శాతం దగ్గరికి చేరింది. అదే సమయంలో ఈక్వడార్ మీద ఉన్నది అందులో మూడో వంతు కూడా లేదు. 2026 మొదట్లో రేట్లు మళ్లీ మారాయి. ఇలాంటప్పుడు ఓడ ఎక్కే రోజు రేటు చూసి లాభం లెక్కేస్తే దెబ్బతింటారు, సరుకు అక్కడ దిగే రోజుకు రేటు మారితే ఎవరు భరించాలో కాంట్రాక్ట్‌లోనే రాయించుకోండి.

యాంటీ డంపింగ్‌లో ఇంకో చిక్కు. ముందు కట్టేది డిపాజిట్ మాత్రమే. ఏడాది, రెండేళ్ల తర్వాత సమీక్షలో అసలు రేటు తేలుతుంది. తేడా వస్తే పాత సరుకు మీద కూడా వసూలు చేస్తారు. అందుకే చాలా ఆర్డర్లలో ఆ బాధ్యతను ఎగుమతిదారుడి మీదే పెడుతున్నారు.

వియత్నాం పంపి, అక్కడ ఒలిపించి, అమెరికాకు పంపితే సుంకం తప్పుతుందా?

తప్పదు. ఒలవడం, నరం తీయడం, మళ్లీ ఫ్రీజ్ చేయడం వల్ల మూల దేశం మారదని అమెరికా కస్టమ్స్ ఎప్పటినుంచో అంటోంది. పెట్టె మీద వియత్నాం అని రాస్తే అది ఎగవేత కేసు. ‘దుబాయ్ మీదుగా పంపిస్తా’ అనే మధ్యవర్తి మాటలకూ ఇదే జవాబు. మనవాళ్లు వియత్నాంకు సరుకు పంపుతున్నారు, నిజమే. అది వాళ్లు తయారుచేసి ఇతర దేశాలకు అమ్ముకోవడానికి, చట్టబద్ధంగా.

బ్రిటన్ ఒప్పందం వల్ల మనకేమైనా ఒరుగుతుందా?

2025 జూలై 24న సంతకాలయ్యాయి. అమలైతే రొయ్య మీద సుంకం పోతుంది. ఇప్పటిదాకా వియత్నాంకు ఉన్న ఆధిక్యం ఆ మేరకు తగ్గుతుంది. బ్రిటన్ జనం ఎక్కువగా ఒలిచి ఉడికించిన చిన్న రొయ్య తింటారు. మన చిన్న సైజు రొయ్యకు కుక్డ్ (ఉడికించే) లైన్ ఉంటే అక్కడ చోటుంది.

బ్రెడెడ్ (బ్రెడ్ పూత పూసే) లైన్ పెడదామనుకుంటున్నా, మంచిదేనా?

మీ చేతిలో కొనేవాడి రెసిపీ, కనీసం ఏడాది ఆర్డర్ ఉంటే మంచిదే. సుంకం తప్పించుకోవడానికే అయితే వద్దంటాను. పూతలో గోధుమ, సోయా, గుడ్డు ఉంటాయి. అలెర్జీ లేబుల్, ప్రత్యేక గది, నూనె నాణ్యత ఇదంతా వేరే పరిశ్రమ. పచ్చి రొయ్యలో తప్పు జరిగితే ధర తగ్గించి ఇంకొకరికి అమ్మొచ్చు. ఒక సూపర్‌మార్కెట్ పేరు అచ్చేసిన ప్యాకెట్ తిరిగొస్తే ఎవరూ కొనరు. ముందు కుక్డ్, మ్యారినేటెడ్‌తో మొదలుపెట్టి చేయి తిరిగాక పూత వైపు వెళ్లినవాళ్లే నిలబడటం చూశాను. ఎగుమతి సరుకు కోసం సుంకం లేకుండా తెచ్చుకునే పదార్థాల పరిమితిని 2026-27 బడ్జెట్‌లో గత ఏడాది ఎగుమతి విలువలో 1 శాతం నుంచి 3 శాతానికి పెంచారు. ఆ వెసులుబాటు వాడుకోండి.

## మనమే బయటినుంచి తెచ్చుకుంటే

చెన్నై హోటళ్లలో బాసా, సాల్మన్ ఎక్కడివి?

బాసా ఎక్కువగా వియత్నాం పంగాసియస్, సాల్మన్ నార్వేది. తెచ్చుకోవాలంటే ముందుగా శానిటరీ ఇంపోర్ట్ పర్మిట్, రేవులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తనిఖీ, కస్టమ్స్ సుంకం. పర్మిట్ రాకముందే సరుకు ఓడెక్కిస్తే రేవులోనే ఇరుక్కుంటుంది.

సురిమి (ఫ్రీజ్ చేసిన చేప ముద్ద) మీద సుంకం తగ్గిందా?

తగ్గింది. 2025-26 బడ్జెట్‌లో 30 శాతం నుంచి 5 శాతానికి, దాంతో పీత కర్రల్లాంటి సరుకు తయారుచేసి ఎగుమతి చేసేవాళ్ల కోసం.

వనామీ తల్లి రొయ్యలు కూడా దిగుమతేనా?

అవును. చాలావరకు అమెరికా నుంచి విమానంలో చెన్నై వస్తాయి. నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు పూర్తయ్యాకే హ్యాచరీలకు ఇస్తారు. 2009 నుంచి ఇదే దారి. అమెరికా తల్లికి పుట్టి, నెల్లూరు చెరువులో పెరిగి, అమెరికాకే తిరిగి వెళ్లే రొయ్య మీద ‘ఇది మన దేశపు సరుకు’ అని ముద్ర వేస్తాం. చట్టం ప్రకారం అది సరైనదే.

మా అబ్బాయి మైక్రోబయాలజీ చేశాడు, ఈ రంగంలో చెన్నైలో పని దొరుకుతుందా?

దొరుకుతుంది. ఎగుమతి ప్లాంట్లకు అర్హత ఉన్న టెక్నాలజిస్టులు తప్పనిసరి, పరీక్షా ల్యాబులకూ మనుషులు కావాలి. హాసప్ (ఆహార భద్రతా పద్ధతి) శిక్షణ చేయించండి. మొదట ఒక ఏడాది ప్లాంట్‌లో, చలిలో, గంబూట్లు వేసుకుని నిలబడమనండి. నేరుగా ఆఫీసులో చేరినవాళ్లకు ఫిర్యాదు ఫోటో చూస్తే అది మచ్చో, ఐస్ కాలుడో (చలికి ఎండి తెల్లబడటమో) తెలియదు.